చిన్నపిల్లలున్న ఇల్లు అందంగా ఉండాలంటే: నాలుగడుగుల గీత

మీ ప్రశ్న మొత్తం చదివానండీ. కొండాపూర్‌లో 1,250 ఎస్‌ఎఫ్‌టీ టూ బీహెచ్‌కే, నాలుగేళ్ళ పాప, ఏడాదిన్నర బాబు, అత్తగారు మీతోనే ఉంటారు, క్రీమ్ కలర్ సోఫా మీద పప్పు మరకలు, గోడలనిండా క్రేయాన్ గీతలు, ఎవరైనా వస్తున్నామని ఫోన్ చేస్తే గుండెల్లో రాయి పడుతోంది, లక్షన్నర దాకా పెట్టగలం, పిల్లలు పెద్దయ్యేదాకా ఇంటి మీద ఆశ వదిలేసుకోవాలా అని అడిగారు. అక్కర్లేదు. నేను హైదరాబాద్‌లో ఫ్లాట్లకి ఇంటీరియర్స్ చేస్తాను, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చిన్నపిల్లల తల్లిదండ్రులే, నాకూ ఇద్దరున్నారు కాబట్టి ఈ అవస్థ రెండు వైపుల్నుంచీ తెలుసు.

ఒక పని చెయ్యండి. పాపని గోడ పక్కన నిలబెట్టి చెయ్యి పైకెత్తమనండి, వేళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడ పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. నాలుగేళ్ళ పిల్లకి అటూ ఇటూగా నాలుగడుగులు వస్తుంది. ఆ ఎత్తులో ఇల్లంతా ఒక గీత ఉందనుకోండి. గీత కింద ఉన్నవన్నీ పిల్లలవి, అంటే కడగ్గలిగేవి, పడితే పగలనివి, గీతలు పడ్డా కనపడనివి. గీత పైన మీ ఇష్టం. ఇత్తడి, గాజు, పెయింటింగులు, మంచి కర్టెన్లు, మంచి లైట్లు, స్టైల్ అంతా అక్కడ చూపించండి. చాలామంది ఇల్లంతా ఒకే లెక్కన సర్దుతారు, షోరూమ్‌లో చూసిన హాలుని నేల నుంచి సీలింగు దాకా అలాగే దించేస్తారు, ఆ కింది సగాన్ని పిల్లల నుంచి కాపాడుకోవడానికి రోజంతా అరుస్తూ ఉంటారు. ఇంటికొచ్చినవాళ్ళ కళ్ళు ముందు పడేది గోడల మీదా లైట్ల మీదా కర్టెన్ల మీదా, ఆ తర్వాతే నేల మీదకి దిగుతాయి. పైభాగం పొందిగ్గా ఉంటే కింద నాలుగు బొమ్మలు దొర్లుతున్నా పిల్లలున్న ఇల్లులే అనుకుంటారు, పైభాగం బోసిగా ఉంటే అవే నాలుగు బొమ్మలు ఇల్లంతా చిందరవందరగా ఉన్నట్టు చూపిస్తాయి.

ఇదేం నేను కనిపెట్టింది కాదు. మన పాత ఇళ్ళలో గోడ అడుగున జాజు పట్టీ, పైన తెల్ల సున్నం ఉండేది చూడండి, తర్వాత్తర్వాత స్కూళ్ళలో, ఆస్పత్రుల్లో నడుమెత్తు దాకా ఆయిల్ పెయింటు వేసి పైన సున్నం కొట్టేవాళ్ళు. మురికి పట్టేది కిందే కాబట్టి కింద గట్టి రంగు వేసేవాళ్ళు, అంతే లెక్క.

కాబట్టి మొదట గోడల సంగతి. బిల్డర్లు వేసిచ్చే రంగు మామూలుగా డిస్టెంపరో చవక ఎమల్షనో అయి ఉంటుంది, తడిగుడ్డతో గీత తుడిస్తే గీతతో పాటు రంగు కూడా గుడ్డకి అంటుకుని వస్తుంది, అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది, మీరు రాసిన 'తుడిస్తే ఇంకా అసహ్యంగా అవుతోంది' అన్నది సరిగ్గా ఇదే. మొత్తం ఇంటికి రంగులు మార్చక్కర్లేదు. హాలు, కారిడార్, పిల్లలు తిరిగే బెడ్‌రూమ్, ఈ మూడు చోట్లా నాలుగడుగుల దాకా వాషబుల్ ఎమల్షన్ శాటిన్ లేదా షీన్ ఫినిష్‌లో, అంటే సన్నటి మెరుపున్నది, వేయించండి. మ్యాట్ ఫినిష్ చూడ్డానికి బావుంటుంది గానీ రుద్దిన చోట మెరుపొచ్చి మచ్చ తేలుతుంది. పైభాగానికి మీ ఆఫ్‌వైట్ అలాగే ఉంచండి, కిందికి కొంచెం ముదురు రంగు, ఇటుక రంగో, ఆలివ్ గ్రీనో, ముల్తానీ మట్టి రంగో. రెండు రంగుల గోడ ఇప్పుడు ఫ్యాషన్ కూడా, డబ్బులు పెట్టి డిజైన్ చేయించుకున్నారనుకుంటారు తప్ప పాప క్రేయాన్ల కోసం అని ఎవరికీ తట్టదు. వేశాక మూడు నాలుగు వారాల దాకా రుద్ది కడగొద్దు, పైకి ఆరినట్టు కనపడ్డా లోపల గట్టిపడ్డానికి టైమ్ పడుతుంది.

పెయింట్ డబ్బా మీద లెడ్ ఎంతో చూసి కొనండి. మన దేశంలో ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90, దాటకూడదని 2016లో రూల్ తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ పెయింటు తలుపులకో గ్రిల్స్‌కో ఉంటే పెయింటరు ఎమరీ పేపర్ పెట్టి పొడిగా గీకేటప్పుడు పిల్లల్ని ఇంట్లో ఉంచొద్దు, ఆ దుమ్ము మంచిది కాదు.

గోడ మీద గీయొద్దని చెప్పడం కంటే గీసుకోవడానికి ఒక చోటివ్వడం తేలిక. కారిడార్ చివరో వార్డ్‌రోబ్ పక్కనో ఖాళీ ఉంటే అడుగున్నర వెడల్పు, మూడడుగుల ఎత్తు తెల్ల గ్లాసీ లామినేట్ షీటు అతికించేయమని కార్పెంటర్‌కి చెప్పండి, వైట్‌బోర్డు మార్కర్‌తో గీసుకుంటారు, పొడిగుడ్డతో పోతుంది. బ్లాక్‌బోర్డు పెయింట్ చాలామంది అడుగుతారు, నేను వద్దనే చెప్తాను, ఆ సుద్దపొడి నేలంతా పడి అరికాళ్ళతో సోఫా దాకా వస్తుంది.

ఇక మరకలు. పప్పు, సాంబారు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతుంది, అది చూసి చాలామంది పాడైపోయిందని వదిలేస్తారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎలా వస్తుందో ఇదీ అంతే, సబ్బు క్షారం కదా. బాగా జాడించి నేరుగా ఎండలో వెయ్యండి, పసుపు రంగు ఎండకి నిలవదు, రెండు మూడు ఎండలకి చాలావరకు పోతుంది. పాలు కక్కిన చోట ముందు చన్నీళ్ళే వాడాలి, వేడినీళ్ళు పోస్తే పాలలోని ప్రొటీన్ గుడ్డలో గట్టిపడి కూర్చుంటుంది. బాల్‌పెన్ గీతలు లామినేట్ మీద పడితే శానిటైజర్ దూదికి పెట్టి తుడవండి, అదే శానిటైజర్ గోడ పెయింట్ మీద వాడితే పెయింటే లేస్తుంది. మ్యాజిక్ ఎరేజర్ అని తెల్ల స్పాంజ్ అమ్ముతారు, క్రేయాన్ బాగానే పోతుంది, కానీ అది నిజానికి మెత్తటి ఎమరీ లాంటిదే, గట్టిగా రుద్దితే శాటిన్ మెరుపు పోతుంది, మెల్లగా. క్లే తివాచీకి అంటుకుంటే పచ్చిగా ఉన్నప్పుడు తుడవకండి, ఆరనిచ్చి గీకితే రవ్వలా రాలిపోతుంది.

సోఫా అమ్మేద్దామా అన్నారు, వద్దు. ఫ్రేమ్ బావుంటే కవర్లు కుట్టించండి, జిప్ పెట్టి, రెండు సెట్లు. దళసరి కాటన్ కాన్వాస్ అడగండి, రంగు గోధుమ రంగు నుంచి ముదురు వైపు ఏదైనా పర్లేదు, కొంచెం నేతలో గళ్ళో చారలో ఉంటే మరక కలిసిపోతుంది. టైలరు చెప్పని విషయం ఒకటుంది, కుట్టే ముందే గుడ్డ తడిపి ఆరేసి ఇవ్వాలి. కాటన్ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది, తడపకుండా కుట్టిస్తే మొదటిసారి ఉతికాక ఆ కవరు సోఫాకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి, జిప్పు మధ్యలో ఆగిపోతుంది. కుషన్లకి మాత్రం పోచంపల్లి ఇక్కత్, ఆ నేతలో రంగులు అంచుల దగ్గర చెదిరినట్టు ఉంటాయి కదా, చిన్న మరక కనపడదు, చూడ్డానికి దర్జాగా ఉంటుంది. కర్టెన్లకి మంగళగిరి కాటన్ లైనింగ్ వేసి కుట్టిస్తే చాలా అందంగా ఉంటుంది, సోఫాకి మాత్రం ఆ గుడ్డ పల్చన, ఆగదు. నేల మీదకి వరంగల్ కాటన్ డర్రీ వెయ్యండి, అటూ ఇటూ తిప్పి వేసుకోవచ్చు, దులపొచ్చు, దండెం మీద వేసి ఉతకొచ్చు. బొచ్చు కార్పెట్‌లో బిస్కెట్ నుసి ఒకసారి దూరిందంటే ఇక అంతే. కాకపోతే డర్రీ విట్రిఫైడ్ టైల్ మీద జారుతుంది, కింద రబ్బరు జాలీ మ్యాట్ తప్పనిసరి, ముఖ్యంగా అత్తగారు ఉన్నారు కాబట్టి.

గాజు టీపాయ్ ఉందని రాశారు. దాన్ని ఇవాళే తీసి బెడ్‌రూమ్‌లోనో బంధువులింట్లోనో పెట్టండి, దీని గురించి ఇంకేం చెప్పను.

బొమ్మల విషయానికొస్తే, సర్దడం రాక కాదు మీ ఇబ్బంది, బొమ్మలు ఎక్కువై. పుట్టినరోజు రిటర్న్ గిఫ్టులు, తాతయ్య తెచ్చినవి, ఎగ్జిబిషన్‌లో ఏడిస్తే కొన్నవి, అన్నీ ఒకేసారి నేల మీద ఉంటాయి. అమెరికాలో టొలెడో యూనివర్సిటీవాళ్ళు 2018లో ఒక పరిశోధన అచ్చేశారు, 36 మంది చిన్నపిల్లలకి ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు. మన ఇంట్లో అయినా అంతే, గమనించండి, పదహారు బొమ్మలుంటే పదహారూ కుమ్మరించి చివరికి గరిటె పట్టుకుని వంటింట్లోకి వస్తారు. అందుకని మూడు వంతులు అటక మీదకి ఎక్కించెయ్యండి, గుడ్డ సంచుల్లో, రెండు మూడు వారాలకొకసారి ఒక సంచి దించి ఇంకో సంచి ఎక్కించండి, పాతబొమ్మే కొత్తదానిలా మీద పడతారు. సంచి దించే పని పిల్లలు నిద్రపోయాక చెయ్యాలి, చూశారంటే రెండు సంచులూ కావాలంటారు.

కింద ఉంచినవాటికి మూతల డబ్బాలు, లేబుళ్ళు వద్దు. ఫోన్‌లో చూసే ఆ ఇళ్ళలో ఎర్ర బ్లాక్‌లు ఒక డబ్బా, నీలం ఒక డబ్బా ఉంటాయి, అలా సర్దేది తల్లి, పిల్లలు కాదు. ఏడాదిన్నరవాడికి చేతనయ్యేది ఒక్కటే, బుట్టలో పడెయ్యడం. పెద్ద నోరున్న బుట్టలు మూడు చాలు, వెదురువి అయితే చూడముచ్చటగా ఉంటాయి, కానీ అంచు చేత్తో తడిమి చూడండి, పేళ్ళు లేచి ఉంటే గుచ్చుకుంటాయి, పాత చీర అంచు చుట్టి కుట్టేస్తే సరి, చూడ్డానికీ బావుంటుంది. షెల్ఫ్ చేయిస్తే లోతు 12 అంగుళాలు మించొద్దు, అంతకంటే లోతుంటే వెనకాలకి పోయిన బొమ్మ పోయినట్టే, ముందువన్నీ నేల మీద పడ్డాకే అది దొరుకుతుంది.

పైకి అందంగా కనపడే బొమ్మలు కూడా కొన్ని పెట్టుకోండి, అప్పుడు దాచాల్సిన పని తగ్గుతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు నాకు చాలా ఇష్టం, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు, అంకుడు కర్రని తరిణె పట్టి లక్కరంగులు ఎక్కిస్తారు, మూలలుండవు, గుండ్రంగా నున్నగా ఉంటాయి, 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పాపకి లక్కపిడతల సెట్ కొనండి, హాల్లో అలా పడి ఉన్నా కళ్ళకి బాధ ఉండదు, ప్లాస్టిక్ కిచెన్ సెట్ అలా కాదు కదా. అయితే సెట్‌లోని చిన్న చిన్న గిన్నెలు, మూతలు బాబుకి అందనివ్వొద్దు, టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలో అట్టగొట్టం ఉంటుంది చూశారా, అందులోంచి దూరే వస్తువేదైనా ఆ వయసులో గొంతులోకీ పోగలదు. కొండపల్లి బొమ్మలు మాత్రం పిల్లలు ఆడుకునేవి కావు, తెల్లపొణికి కర్ర తేలిగ్గా విరుగుతుంది, వాటి చోటు గీత పైనే. షాపుల్లో కొనే మామూలు బొమ్మలకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, రోడ్డు పక్కన లైటు వెలిగే బొమ్మలు కొనేటప్పుడు బటన్ బ్యాటరీ మూతకి స్క్రూ ఉందా లేదా చూడండి, ఆ బ్యాటరీ మింగితే చాలా ప్రమాదం.

కొత్తగా ఏదైనా చేయిస్తే, టీవీ యూనిట్ అన్నారు కదా, గోడకి వేలాడేలా చేయించండి, నేలకి ఎనిమిది అంగుళాలు ఖాళీ వదలండి, చీపురు పోతుంది, మాపు తగిలి అడుగు ఉబ్బదు. ప్లైవుడ్‌లో బీడబ్ల్యూఆర్ గ్రేడ్, అంటే మరిగే నీళ్ళకి తట్టుకునేది, చాలు, ఐఎస్ 710 మెరైన్ ప్లై సింకు దగ్గరే కావాలి, ఇల్లంతా అదే వెయ్యాలని ఎవరైనా అంటే మీ జేబు చూసి అంటున్నారన్నమాట. పార్టికల్ బోర్డు తడిమాపు పెట్టే ఇంట్లో అడుగునుంచి అప్పంలా పొంగుతుంది. బయటికి మ్యాట్ లామినేట్, చెక్క గీతలున్నది. గ్లాసీ యాక్రిలిక్, అందులోనూ నల్లది, ఒక్క పూటలో చిట్టి చేతుల ముద్రలన్నీ ఎత్తి చూపిస్తుంది. హ్యాండిల్స్ పొడుచుకొచ్చేవి వద్దు, అవి సరిగ్గా బాబు నుదుటి ఎత్తులో ఉంటాయి.

ఇది స్టైల్ కాదు గానీ చెప్పకుండా వదల్లేను. నిలబెట్టే చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్, పుస్తకాల ర్యాకు, షూ ర్యాకు, అన్నీ గోడకి బిగించాలి. 2016లో అమెరికాలో ఐకియా 2.9 కోట్ల చెస్టుల్ని రీకాల్ చేసింది, డ్రాయర్లు మెట్లలా లాగి ఎక్కితే మీద పడి పిల్లలు చనిపోయారు. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు కొత్త బిల్డింగుల్లో చాలావాటికి గోడలు లైట్‌వెయిట్ ఏఏసీ బ్లాకులవి, మామూలు ప్లాస్టిక్ గట్టా పెట్టి స్క్రూ వేస్తే చేత్తో లాగినా ఊడి వస్తుంది, ఆ బ్లాకులకి వేరే యాంకర్లు ఉంటాయి, హార్డ్‌వేర్ షాపులో ఏఏసీ అని చెప్పి అడగండి. బ్లైండ్స్‌కి వేలాడే తాడు ఉంటే పైకి చుట్టి క్లీట్‌కి, అంటే గోడకి బిగించే కొక్కేనికి, కట్టెయ్యండి. అత్తగారి మాత్రల డబ్బా, ఫినాయిలు, యాసిడ్ సీసా గీత పైన కాదు, తాళం లోపల, ఎందుకంటే కుర్చీ లాక్కొచ్చే వయసు వచ్చేస్తోంది పాపకి.

పైభాగానికి పెద్దగా ఖర్చవ్వదు. తెల్ల ట్యూబ్‌లైట్ ఒక్కటే వేసి ఉంచే హాలు ఎంత సర్దినా ఆఫీసులా ఉంటుంది. గోడ మీద రెండు లైట్లు, 3000 కె వార్మ్ వైట్ బల్బులతో, సాయంత్రం ఏడయ్యాక అవే వెయ్యండి, నేల మీది సగం గందరగోళం ఆ వెలుగులో కళ్ళకి తెలీదు. కర్టెన్ రాడ్ కిటికీ పైన కాకుండా సీలింగు దగ్గర బిగిస్తే గది ఎత్తుగా కనపడుతుంది, అడుగు మాత్రం నేలకి రెండు అంగుళాలు పైనే ఆపండి, బాబు కాళ్ళకి అడ్డం పడకుండా. ఇంకొకటి, పాప వేసిన బొమ్మల్ని ఫ్రిజ్ మీద టేపుతో అంటించకుండా ఒక మంచి టేకు ఫ్రేమ్ చేయించి అందులో పెట్టండి, నచ్చినప్పుడు మార్చుకోవచ్చు. ఇంటికొచ్చినవాళ్ళు ముందు దాని గురించే అడుగుతారు, పాపకి ఆ పొంగు వేరే.

ఒక్క విషయంలో మీతో ఏకీభవించను. మీరు తప్పంతా బొమ్మల మీదకి నెట్టారు గానీ, మీరు రాసిన లిస్టు మళ్ళీ చదువుకోండి, డైనింగ్ టేబుల్ మీద కొరియర్ డబ్బాలు, దివాన్ మీద ఉతికిన బట్టల గుట్ట, గుమ్మం దగ్గర చెప్పులు, ఛార్జర్లు, ఇవన్నీ పెద్దవాళ్ళవే. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు శత్రువు బట్టల గుట్ట, రోజూ ఉతుకుతారు, మడత పెట్టే టైమ్ ఉండదు, దివాన్ మీదకి వస్తుంది, అందులోంచే లాగి తొడుగుతారు. పిల్లల బట్టలు మడత పెట్టడం మానెయ్యండి. నిజంగానే అంటున్నా. వార్డ్‌రోబ్‌లో గీత కింద రెండు డ్రాయర్లు, పాపకొకటి బాబుకొకటి, ఆరిన బట్టలు నేరుగా అందులో వెయ్యడమే. నలిగితే నలిగాయి, ఆ వయసు కాటన్ బట్టలకి ఇస్త్రీ ఎవరు చేస్తారు. అత్తగారు మొదట్లో ఒప్పుకోకపోవచ్చు, పోనీ ఆవిడకి మడత పెట్టడం ఇష్టమైతే పెట్టనివ్వండి, కానీ దివాన్ మీద మాత్రం రాత్రి దాకా ఉండకూడదన్నది రూల్.

రోజులో సర్దడం రెండుసార్లే. పనమ్మ వచ్చే ముందొకసారి నేల ఖాళీ చెయ్యండి, లేకపోతే ఆవిడ బొమ్మల చుట్టూ ఊడ్చి వెళ్ళిపోతుంది, తప్పు ఆవిడది కాదు. రాత్రి భోజనాల తర్వాత ఒకసారి, పిల్లలతో కలిపి, బుట్టలు మధ్యలో పెట్టి అన్నీ అందులోకి. మధ్యలో ఎంత చెల్లాచెదురైనా చూసీ చూడనట్టు ఉండండి. మీవారు కూడా రాత్రి డ్యూటీలో ఉండాల్సిందే, 'నేనూ హెల్ప్ చేస్తాలే' కాకుండా డైనింగ్ టేబుల్ ఖాళీ చెయ్యడం ఆయన పని అని తేల్చేసుకోండి.

లక్షన్నరలో ముందు గోడలు, సోఫా కవర్లు, లైట్లు, ఫర్నిచర్ బిగించడం చేయించండి, టీవీ యూనిట్ మిగిలినదాన్ని బట్టి చూసుకోవచ్చు, దాని కోసం మిగతావి ఆపొద్దు. పెయింటింగ్ వానాకాలంలో పెట్టుకోకండి, ఆరదు. సంక్రాంతికి ఊరెళ్ళే వారం సరిగ్గా సరిపోతుంది, మీరు పిల్లల్నీ అత్తగారినీ తీసుకుని ముందే బయల్దేరండి, మీవారిని పని అయ్యేదాకా ఉండమనండి. రెండు రంగులు కలిసే చోట పెయింటరు మాస్కింగ్ టేప్ వేస్తాడు, ఆ టేపు రంగు కొంచెం తడిగా ఉండగానే లాగేయించమనండి, పూర్తిగా ఆరాక లాగితే అంచు పెచ్చులుగా ఊడుతుంది, మళ్ళీ టచప్ అని ఇంకో రోజు కూలీ పడుతుంది.